అణు స్కాన్ అంటే భయం వద్దు – చిన్న జీవులు మనకు చూపిన దారి



"బోన్ స్కాన్ చేయించుకుని రండి" అని డాక్టరుగారు కాగితం వ్రాసి ఇస్తే, చాలామంది ఆ కాగితం పట్టుకుని నేరుగా మా దగ్గరకే వస్తారు. డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడిన మాటలన్నీ మమ్మల్ని అడుగుతారు. "సిస్టరుగారూ, ఇది అణుబాంబులో వాడే మందేనా? ఒంట్లోకి ఎక్కిస్తే జుట్టు రాలిపోతుందా? ఇంట్లో పసిపిల్లలున్నారు, వాళ్ళకు అంటుకుంటుందా?" ఈ మధ్య చదువుకున్న పిల్లలు మరొక ప్రశ్న కూడా వేస్తున్నారు. "ఇటువంటి మందులన్నీ ఎలుకల మీద, కుందేళ్ళ మీద పరీక్షించి తెచ్చారట కదా, అది పాపం కాదా?"

రెండూ మంచి ప్రశ్నలే. వాటికి జవాబులు కూడా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. అందుకే ఈ సంచికలో న్యూక్లియర్ మెడిసిన్, అంటే అణు వైద్యం గురించీ, దానికి దారి చూపిన చిన్న జంతువుల గురించీ నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము.

ఎక్స్‌రేకు, దీనికి తేడా ఏమిటి?

ఎక్స్‌రే తీసేటప్పుడు కిరణాలు యంత్రం నుండి వచ్చి మన శరీరం గుండా వెళ్ళిపోతాయి. అణు స్కాన్‌లో అలా కాదు. చాలా కొద్దిపాటి రేడియోధార్మిక మందును చేతి నరంలోకి ఇంజెక్షన్ చేస్తారు. ఆ మందు రక్తంతో తిరిగి, తాను చేరవలసిన అవయవానికి చేరుతుంది. అక్కడి నుండి వెలువడే గామా కిరణాలను బయటనున్న కెమెరా పట్టుకుని బొమ్మగా చూపిస్తుంది. అంటే ఇక్కడ కిరణాలు యంత్రం నుండి రావు, మన శరీరం నుండే యంత్రానికి వెళతాయి.

మన చీరాల వారికి మగ్గం తెలియనిది కాదు. తెల్లని పడుగులో ఒకే ఒక్క ఎర్రని పోగు కలిపారనుకోండి. వేల పోగుల మధ్య అది ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో కంటితోనే పట్టుకోవచ్చు. రేడియోధార్మిక మందు చేసే పని అదే. శరీరంలోని కోట్లాది కణాల మధ్య అది ఎర్ర పోగులా తన దారి తాను చూపిస్తుంది.

ఎక్స్‌రేలో ఎముక ఆకారం కనబడుతుంది. అణు స్కాన్‌లో ఆ ఎముక ఏ పని చేస్తున్నదో కనబడుతుంది. ఎముకలో వ్యాధి ప్రవేశించిన చోట శరీరం క్రొత్త ఎముకను వేగంగా కట్టడానికి ప్రయత్నిస్తుంది. మందు అక్కడ ఎక్కువగా చేరుతుంది. అందువలన ఎక్స్‌రేలో ఇంకా ఏమీ కనబడని రోజుల్లోనే స్కాన్‌లో మచ్చ కనబడే అవకాశం ఉంది.

బోన్ స్కాన్‌కు ఎక్కువగా వాడే పదార్థం పేరు టెక్నీషియం. దీని శక్తి ప్రతి ఆరు గంటలకు సగానికి తగ్గిపోతుంది. ఆరు గంటలకు సగం, పన్నెండు గంటలకు పావు, మరునాటికి పదహారవ వంతు మాత్రమే మిగులుతుంది. అందులోనూ చాలా భాగం మూత్రంలో బయటకు పోతుంది. అంత త్వరగా కరిగిపోయే మందును దూరం నుండి ఎలా తెస్తారని మీకు సందేహం రావచ్చు. మాలిబ్డినం అనే మరొక పదార్థాన్ని సీసపు కవచంలో పెట్టి తెస్తారు. అది నెమ్మదిగా టెక్నీషియంగా మారుతూ ఉంటుంది. ప్రతి ఉదయం అందులో నుండి కావలసినంత టెక్నీషియంను తీసుకుంటారు. ఆవు పాలు పితికినట్లు ఉంటుంది గనుక ఆ పెట్టెను స్కాన్ సిబ్బంది ఆవు అనే పిలుస్తారు. ఈ విధానం 1950లలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారైంది.

మన దేశంలో 1956లో ముంబై దగ్గర ట్రాంబేలో అప్సర రియాక్టరు పని ప్రారంభించింది. 1963లో అణు వైద్యం కొరకు ముంబైలోనే రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌ను నెలకొల్పారు. బాంబు చేయగల అణుశక్తినే మనిషికి మేలు చేసే మందుగా మలచిన కృషి ఇది.

కుందేళ్ళతో మొదలైన కథ

మొక్కల్లో, జంతువుల్లో రేడియోధార్మిక పదార్థం జాడ పట్టవచ్చునని మొదట చూపినవారు జార్జ్ డి హెవెసీ అనే హంగేరీ దేశపు శాస్త్రవేత్త. ఆయన 1923లో చిక్కుడు జాతి మొక్కల్లో సీసం ఎటు పోతున్నదో ఈ పద్ధతిలో కనిపెట్టారు. ఆ తరువాత జంతువుల్లోనూ పరీక్షలు చేశారు. ఈ కృషికి ఆయనకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

మనుష్యుల వైద్యానికి దారి తీసినవి మాత్రం బోస్టన్ నగరపు కుందేళ్ళు. సాల్ హెర్ట్జ్ అనే థైరాయిడ్ డాక్టరు 1936లో ఒక ఉపన్యాసం విన్నారు. మామూలు పదార్థాలను కృత్రిమంగా రేడియోధార్మికం చేయడం గురించిన ఉపన్యాసం అది. అయోడిన్‌ను కూడా అలా చేయవచ్చునా అని ఆయన అడిగారు. గొంతు దగ్గరున్న థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను ఆశగా లాక్కుంటుందని డాక్టర్లందరికీ తెలుసు. మరుసటి సంవత్సరం ఆయన ఆర్థర్ రాబర్ట్స్ అనే భౌతిక శాస్త్రవేత్తతో కలిసి 48 కుందేళ్ళకు రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చి చూశారు. మందు నిజంగానే థైరాయిడ్‌కు చేరింది. ఎక్కువగా పనిచేసే గ్రంథి ఎక్కువ మందును తీసుకుంది.

ఆ ధైర్యంతో 1941లో థైరాయిడ్ అతిగా పనిచేస్తున్న ఒక రోగికి ఆయన మొదటిసారిగా ఈ మందుతో చికిత్స చేశారు. నేటికీ మన ఊళ్ళ నుండి థైరాయిడ్ క్యాన్సర్‌కు, అతి థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ తీసుకోవడానికి రాయవేలూరు సి.ఎం.సి.కో, హైదరాబాదుకో వెళ్ళి వస్తున్నవారు ఉన్నారు. ఆపరేషన్ కత్తి అందుకోలేని కణాన్ని కూడా ఆ మందు వెతికి పట్టుకోగలదు. ఆ దారి మొదట కుందేళ్ళలో కనబడిందే.

మన ప్రాంతపు ఎద్దులు చెప్పిన సంగతి

మూగజీవులు మనకంటే ముందుగా వ్యాధి జాడ చెప్పడం మన ప్రాంతంలోనూ జరిగింది. 1930లలో మన వైపు రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి, నొప్పితో నడవలేకపోవడం గమనించారు. కారణం ఎవరికీ తెలియలేదు. 1937లో షార్ట్ అనే డాక్టరూ, ఆయన తోటి వారూ అప్పటి నెల్లూరు జిల్లాలోని మనుష్యులను పరీక్షించి, ఇది నీటిలోని ఫ్లోరైడ్ వలన వచ్చే వ్యాధి అని వైద్య పత్రికలో ప్రకటించారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే. పళ్ళు గారపట్టడం, నడుము వంగిపోవడం, మోకాళ్ళు వంకరపోవడం మనం కళ్ళారా చూసినవే.

ఫ్లోరైడ్ ఇంత కీడు ఎందుకు చేసింది? ఎముక దానిని ఎక్కడున్నా లాక్కుంటుంది గనుక. ఇదే గుణాన్ని శాస్త్రవేత్తలు మేలుకు మళ్ళించారు. 1962లో అమెరికాలోని బఫెలో నగరంలో మోంటే బ్లౌ బృందం ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక ఫ్లోరైడ్‌ను ఎముకల స్కాన్‌కు ప్రవేశపెట్టింది. ఇది బావి నీటిలోని ఫ్లోరైడ్ లాంటిదేనని కంగారు పడవద్దు. స్కాన్‌కు ఇచ్చే పరిమాణం లెక్కకు రానంత స్వల్పం. దాని శక్తి కూడా సుమారు 110 నిమిషాలకు సగమవుతుంది. ఏళ్ళ తరబడి త్రాగిన నీళ్ళు చేసే హాని ఒక్క ఇంజెక్షన్ చేయదు.

ఇక్కడ మన ప్రాంతంవారు ముఖ్యంగా గుర్తు పెట్టుకోవలసిన మాట ఒకటి ఉంది. ఫ్లోరైడ్ వ్యాధి ఉన్నవారికి బోన్ స్కాన్ చేస్తే ఎముకలన్నీ మామూలుకంటే ఎక్కువగా మెరుస్తూ కనబడవచ్చు. అది క్యాన్సర్ వలన కాకపోవచ్చు. అందుచేత మీరు ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊరిలో పుట్టి పెరిగినవారైతే, అక్కడి నుండి కోడలుగా వచ్చినవారైతే, ఆ సంగతి స్కాన్ చేసే డాక్టరుకు తప్పక చెప్పండి. పాత ఫ్రాక్చర్లు, కీళ్ళవాతం, ఈ మధ్య పడి తగిలిన దెబ్బలు కూడా చెప్పండి. మీరు చెప్పే ఆ చిన్న మాట అనవసరమైన భయాన్ని తప్పిస్తుంది.

చిట్టెలుకకు సరిపడే స్కానర్

క్యాన్సర్‌కు చేసే పెట్ స్కాన్ గురించి కూడా మీరు విని ఉంటారు. అందులో ఇదే ఫ్లోరిన్-18ను గ్లూకోజ్ వంటి పదార్థానికి తగిలించి ఇస్తారు. క్యాన్సర్ కణాలకు ఆకలి ఎక్కువ. మంచి కణాలకంటే ఎక్కువ గ్లూకోజ్ లాక్కుంటాయి. అందుకే ఆ గడ్డలు స్కాన్‌లో దీపాల్లా కనబడతాయి. మెదడు గ్లూకోజ్‌ను ఎక్కడెక్కడ ఎంత వాడుకుంటున్నదో కొలిచే పద్ధతిని అమెరికాలో లూయిస్ సోకొలాఫ్ బృందం మొదట ఎలుకల్లో రూపొందించింది. అదే ఆలోచన ఆధారంగా 1976లో పెన్సిల్వేనియాలో మొదటిసారి మనుష్యులకు ఆ మందు ఇచ్చి బొమ్మ తీశారు.

ఆ రోజుల్లో ఒక మందు జంతువు శరీరంలో ఎక్కడికి పోతున్నదో తెలియాలంటే ఒకటే మార్గం. చాలా ఎలుకలకు మందు ఇచ్చి, గంటకు కొన్ని, రోజుకు కొన్ని చొప్పున చంపి, ఒక్కొక్క అవయవాన్ని తీసి లెక్క చూసేవారు. ఒక్క ప్రశ్నకు జవాబు కొరకు చాలా ప్రాణాలు పోయేవి.

మరి ఎలుకనే స్కానర్‌లో పెట్టవచ్చు కదా అంటారేమో. చిట్టెలుక బరువు 20 నుండి 30 గ్రాములే. దాని గుండె ఇంచుమించు కందిగింజంత. మనుష్యుల స్కానర్‌లో అది ఒక చుక్కలా కనబడుతుందే తప్ప వివరం తెలియదు. 1990లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజిలిస్‌లో సైమన్ చెర్రీ బృందం రెండు మిల్లీమీటర్లంత చిన్న వివరాన్ని కూడా చూపగల మైక్రోపెట్ అనే చిన్న స్కానర్‌ను తయారు చేసింది. అప్పటి నుండి చిన్న జంతువుల స్కానింగ్ ఒక ప్రత్యేక శాఖగా పెరిగింది. నవీ ముంబైలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన ఆక్ట్రెక్ క్యాన్సర్ పరిశోధనా కేంద్రంలో కూడా ఇటువంటి విభాగం ఉంది.

దీనివలన జరిగిన మేలు ఏమిటంటే, ఎలుకకు మత్తు ఇచ్చి, ఒళ్ళు చల్లబడకుండా వెచ్చని పడకపై పడుకోబెట్టి ఈ రోజు స్కాన్ చేస్తారు. మెలకువ వచ్చాక అది మళ్ళీ తన గూటిలో తిరుగుతుంది. వారం తరువాత అదే ఎలుకను మళ్ళీ స్కాన్ చేసి, గడ్డ పెరిగిందా తగ్గిందా చూస్తారు. ఒకే ఎలుకను మొదటి నుండి చివరి వరకు గమనిస్తారు గనుక లెక్క సరిగా వస్తుంది. వాడే జంతువుల సంఖ్య కూడా బాగా తగ్గుతుంది.

ఇందులో మరొక నిజం కూడా చెప్పుకోవాలి. ఎలుక మనిషి కాదు. ఎలుకలో నయమైన జబ్బు మనిషిలో నయం కాని సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకే జంతువుల్లో మంచి ఫలితం వచ్చిందన్న వార్త పేపరులో చూసి, "క్యాన్సర్‌కు మందు వచ్చేసింది" అని నడుస్తున్న చికిత్స మానుకోవద్దు.

మూగజీవుల సంగతి

జంతువులపై పరీక్షలు పాపమా అని అడిగే పిల్లలను మేము కసరుకోము. ఆ జాలి దేవుడు పెట్టినదే. పశువుల ప్రాణం పట్ల దయ చూపడం నీతిమంతుని లక్షణమని సామెతల గ్రంథం పండ్రెండవ అధ్యాయంలో చదువుకుంటాము. చట్టం కూడా ఆ మాట మరచిపోలేదు. మన దేశంలో 1960లోనే జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. జంతువులపై ప్రయోగాలకు 1998లో ప్రత్యేక నియమాలు చేశారు. ప్రతి పరిశోధనా సంస్థలో ఒక నైతిక కమిటీ ఉండాలి. దాని అనుమతి లేకుండా ప్రయోగం మొదలుపెట్టకూడదు.

1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రవేత్తలు మూడు సూత్రాలు చెప్పారు. వీలైతే జంతువు లేకుండానే పరీక్ష చేయాలి. తప్పనిసరైతే వీలైనంత తక్కువ జంతువులతో చేయాలి. చేసేటప్పుడు వాటి బాధను తగ్గించాలి. ప్రపంచమంతటా ప్రయోగశాలలు నేడు ఈ మూడింటినే ప్రమాణంగా పెట్టుకుంటున్నాయి. 2023లో మన దేశపు ఔషధ నిబంధనల్లో మార్పు చేసి, ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలతో చేసే పరీక్షల వంటి వాటికి కూడా చోటు కల్పించారు.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. పరిశోధనలకు ఆరోగ్యకరమైన ఎలుకలను, కుందేళ్ళను పెంచి, వాటిని సరిగా చూసుకునేవారికి శిక్షణ ఇచ్చే జాతీయ కేంద్రం అక్కడ పనిచేస్తూ వచ్చింది. పుట్టుకతోనే స్థూలకాయం వచ్చే ఒక ఎలుక జాతిని అక్కడే గుర్తించారు. ఊబకాయం, షుగరు వంటి జబ్బుల మూలాలు తెలుసుకోవడానికి అవి ఉపయోగపడుతున్నాయి. షుగరు మాత్ర వేసుకునే ప్రతి పూటా ఆ చిన్న జీవులకు మనం కొంత ఋణపడి ఉన్నామని మా నమ్మకం. వాటి ప్రాణం ఖర్చుపెట్టి సంపాదించిన జ్ఞానాన్ని భయంతో ప్రక్కన పెట్టేయడం మాత్రం వాటికి చేసే న్యాయం కాదు.

ఆలస్యం చేస్తే

ఈ మాట ఊరికే అనడం లేదు. ఒక నేత కుటుంబంలోని అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు నడుము నొప్పి మొదలైంది. డాక్టరుగారు బోన్ స్కాన్ వ్రాశారు. ఇంట్లో పెద్దలు అణు మందు వద్దన్నారు. మగ్గం గుంటలో గంటల తరబడి కూర్చునే మనిషికి నడుము నొప్పి రాకుండా ఉంటుందా అన్నారు. పట్టీలు వేశారు, కాపడాలు పెట్టారు. రెండు నెలలు గడిచాయి. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఆమెను తీసుకుని వచ్చినప్పుడు మా సిస్టర్లు పెద్దలందరినీ కూర్చోబెట్టి, ఈ వ్యాసంలో చెప్పిన సంగతులే ఒక్కొక్కటిగా చెప్పారు. మరునాడే పెద్ద కొడుకు ఆమెను స్కాన్‌కు తీసుకువెళ్ళాడు. వెన్నుపూసలో వ్యాధి కనబడింది. వెంటనే కరెంటు వైద్యం మొదలుపెట్టారు. నొప్పి తగ్గింది, కాళ్ళు పడిపోకుండా నిలిచాయి. వెన్నుపాము నొక్కుకుపోతే రోజులు కూడా లెక్కే. ఆ రెండు నెలలు ఆమెకు తిరిగి రావు. మరొక కుటుంబానికి ఆ నష్టం రాకూడదనే ఇది వ్రాస్తున్నాము.

స్కాన్‌కు వెళ్ళేవారికి మా సూచనలు

1. గర్భవతులు, నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నవారు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి. సిగ్గుపడి దాచవద్దు.

2. బోన్ స్కాన్‌కు సాధారణంగా పరగడుపున ఉండనవసరం లేదు. ఇంజెక్షన్ చేసిన తరువాత మందు ఎముకకు పట్టడానికి సుమారు మూడు గంటలు ఆగాలి. గుండె, కిడ్నీ జబ్బుల వలన నీళ్ళు తగ్గించమని చెప్పినవారు తప్ప, మిగతావారు ఆ సమయంలో నీళ్ళు బాగా త్రాగి, తరచుగా మూత్రవిసర్జన చేయాలి.

3. పెట్ స్కాన్‌కు నాలుగు నుండి ఆరు గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్ళు త్రాగవచ్చు. షుగరు ఉన్నవారు మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు తీసుకోవాలో ముందుగానే అడిగి తెలుసుకోండి.

4. కెమెరా క్రింద కదలకుండా పడుకోవాలి. స్కాన్ వలన నొప్పి ఉండదు. ఈ మందు వలన జుట్టు రాలదు.

5. బోన్ స్కాన్ వలన శరీరానికి అందే రేడియేషన్, సుమారు రెండేళ్ళలో నేల నుండి, ఆకాశం నుండి మనందరికీ సహజంగా అందే దానితో సమానం. అయినా అవసరం లేకుండా స్కాన్ అడిగి చేయించుకోవద్దు.

6. ఇంటికి వచ్చాక ఆ పూట పసిపిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి. గర్భవతుల ప్రక్కన ఎక్కువసేపు కూర్చోకండి. మరుగుదొడ్డిలో నీళ్ళు బాగా పోసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇది అంటువ్యాధి కాదు. కలిసి భోజనం చేయవచ్చు.

7. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ చికిత్స వేరు. అందులో మోతాదు ఎక్కువ. గర్భవతులకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరు. తీసుకున్నవారు విడిగా పడుకోవడం, పిల్లలకు కొన్నాళ్ళు దూరంగా ఉండడం, కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవడం వంటి నియమాలు పాటించాలి. అక్కడ ఇచ్చే కాగితాన్ని జాగ్రత్తగా దాచుకుని, దానిలో ఉన్నట్లే చేయండి.

8. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, వాడే మందుల చీటీ తప్పక వెంట తీసుకువెళ్ళండి.

ఈ యంత్రం మన ఆసుపత్రిలో లేదు. దూరం వెళ్ళడం ఖర్చుతో, శ్రమతో కూడిన పనేనని మాకు తెలుసు. వెళ్ళే ముందు ఒకసారి మా నర్సింగ్ ఆఫీసుకు రండి. మీ కాగితాలు చూసి, ఏమేమి కావాలో, ఎవరిని తోడు తీసుకువెళ్ళాలో చెప్పి పంపుతాము. మీకు ఇష్టమైతే మీతో కలిసి ప్రార్థన కూడా చేస్తాము.

స్వస్థత దేవుని చేతిలో ఉన్నది. ఆయన ఆ స్వస్థతను డాక్టరు చేతితో పంపినా, యంత్రంతో పంపినా, నోరులేని చిన్న జీవి ద్వారా పంపినా కృతజ్ఞతతో అందుకుందాము. దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్, చీరాల